మునిర్కా గదిలో దీపస్తంభం

ఇప్పుడు ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే పెద్దమనిషి తరహాలో ఓ చిరునవ్వు నవ్వి ఊరుకుంటాను గానీ, ఢిల్లీ మునిర్కాలో అద్దెకున్న రోజుల్లో నా ధైర్యం ఏపాటిదో నాకూ, నా రూమ్మేటుకీ బాగా తెలుసు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నోయిడాలో ఇంజినీరు ఉద్యోగం. రాత్రి షిఫ్టు అయ్యాక తెల్లారి ఆఫీసు క్యాబ్ సందు మొదట్లో దింపేసి పోయేది. సందులోకి క్యాబే కాదు, సూర్యుడు కూడా వచ్చేవాడు కాదు. మూడో అంతస్తులో మా గదికి ఒక్కటే కిటికీ, తెరిస్తే ఎదురింటి గోడ. (చెయ్యి చాపి ఆ గోడ మీద మన బట్టలు ఆరేసుకోవచ్చు. ఆరవు, అది వేరే సంగతి.) రూమ్మేటూ ఇంజినీరే, వాడిది వరంగల్ వైపు. మాటకు ముందు "భద్రం భై", మాటకు వెనక "భద్రం భై" అనేవాడు కాబట్టి వాడికి భద్రం అనే పేరు స్థిరపడిపోయింది.

మా పెదనాన్న సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా ఓడలకు దారి చూపించిన మనిషికి చివరికి తన వీధి గుమ్మం కనిపించకుండా పోయింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం బాగా ముదిరిపోయింది. ఆపరేషన్ చేయించకపోతే అదీ దక్కదని డాక్టర్లు తేల్చేశారు. ఆయన వింటేగా! "వెలుగూ నీడా తెలుస్తున్నాయి కదరా. కత్తి పెట్టాక ఆ కాస్తా పోతే ఎవడిస్తాడు?" అని అలిగి మంచం ఎక్కేసేవారు. ఇంటిల్లిపాదీ బతిమాలి బతిమాలి విసిగిపోయి, ఢిల్లీలో పెద్దాసుపత్రులున్నాయి కదా అని ఆ భారం నా నెత్తిన పెట్టారు. సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో నాణేలు పోగుచేసే సర్దార్జీ ఒకాయన, లైట్‌హౌస్ బొమ్మతో వెండి స్మారక నాణెం వచ్చిందని చెప్పాడు. నేను ఎగిరి గంతేసి ఊరికి ఫోన్ చేశాను.

"పెదనాన్నా, మన లైట్‌హౌస్ మీద వెండి నాణెం వేశారు. మీకోసం తెప్పిస్తున్నాను. వచ్చి అందుకోవాలి."

"మన దీపానికా? గవర్నమెంటోళ్లే వేశారా?" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "రైలెప్పుడుందో చూడు" అన్నారు.

నాణెం చిన్న నల్లపెట్టెలో వచ్చింది. అద్దంలాంటి వెండి, మధ్యలో తెల్లగా పొడుగాటి స్తంభం. నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి వచ్చిన ఓనరు ఆంటీ దాన్ని చూసి, "యే కిస్ కా మక్బరా హై, బేటా?" అంది. ఇది ఎవరి సమాధి అని! ఢిల్లీలో పుట్టి పెరిగినవాళ్లకు పాతదీ పొడుగుదీ ఏది కనిపించినా దాని కింద ఎవరో పడుకునే ఉంటారు మరి. సమాధి కాదు ఆంటీ, సముద్రం దగ్గర దీపం అని నా వచ్చీరాని హిందీలో విప్పి చెప్పాను. "సమందర్ మే బత్తీ? వహా అకేలా కౌన్ జలాతా హై?" అని అడిగింది. అక్కడ ఒక్కడూ కూర్చుని దీపం వెలిగించేది ఎవరు అన్న ఆ ప్రశ్నకు తనే భయపడి, చున్నీ తల మీదికి లాక్కుని, చచ్చినవాళ్ల పేరున వేసిన నాణేలు ఇంట్లో పెట్టకండని చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ మెట్లు దిగిందో లేదో భద్రం కేక పెట్టాడు. "భై! స్తంభం గాయబ్!" చూద్దును గదా, నిజమే. ఒక పక్కకు వంచితే నల్లటి ఆకాశంలో తెల్లటి స్తంభం. ఇంకొంచెం వంచితే ఆకాశం తెల్లబడిపోయి, స్తంభం ఉన్నచోట నల్లటి గొయ్యి. మెరుగుపెట్టిన వెండికి అది మామూలేనని సర్దార్జీ తర్వాత చెప్పాడు. ఆ సాయంత్రం చెప్పడానికి ఆయన పక్కన లేడు కదా! "లోపల ఎవ్వడో బత్తి ఆర్పుతుండు భై" అన్నాడు భద్రం. నోర్ముయ్ అన్నాను గానీ, పెట్టె మూసింది మాత్రం రెండు వేళ్లతో, మొహం పక్కకు తిప్పుకుని.

పెదనాన్న వచ్చారు. పెట్టె చేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమారు, కంటికి ఆనించుకున్నారు, మళ్లీ తడిమారు. "ఏదిరా? వేలికి అందట్లేదు" అన్నారు. ఆయన మొహం చూడలేకపోయాను. పెట్టె మూసి నా చేతిలో పెట్టేసి, "కనిపించని దానికోసం ఇంత దూరం వచ్చాను, చూడు. రేపు నన్ను రైలెక్కించెయ్. ఆసుపత్రి మాటెత్తితే నీ మీద ఒట్టు" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి. నేను ఏడుపు దిగమింగుకుంటూ షిఫ్టుకు పోయాను.

తెల్లారి తిరిగొచ్చేసరికి ఢిల్లీ అంతా పొగమంచు. నా చెయ్యి నాకు కనిపించడం లేదు. సందులో మనుషులు దగ్గులుగా వినిపిస్తున్నారే తప్ప ఆనడం లేదు. కరెంటు పోయింది. తడుముకుంటూ మెట్లెక్కి తలుపు తోశాను. గదిలో వెలుగు! గుండ్రటి మచ్చ ఒకటి గోడ మీద మెల్లగా పాకుతూ వచ్చి, భద్రం కప్పుకున్న రజాయి మీదుగా దాటి, సరిగ్గా నా మొహాన పడి, ఆరిపోయింది. చీకటి. మళ్లీ గోడ మూల నుంచి బయల్దేరింది. రజాయి లోపల భద్రం ఒక్క దేవుణ్ణీ వదలకుండా పిలుస్తున్నాడు. పెదనాన్న మంచం మీద నిటారుగా కూర్చుని, ఆ తెల్లబడ్డ కన్నును గోడ వెంట తిప్పుతున్నారు.

"ఎవర్రా పైన డ్యూటీలో?" అన్నారు.

"ఎవరూ లేరు పెదనాన్నా."

"లేకపోతే ఎలా తిరుగుతుందేట్రా? ఎవడో ఉన్నాడు. పద్ధతిగా తిప్పుతున్నాడు."

అలికిడి విని వచ్చిన ఆంటీ నా భుజం మీదుగా తొంగిచూసి, "మైనే కహా థా!" అని, ముందే చెప్పానుగా అన్నట్టు కెవ్వుమంది. పెదనాన్న చెయ్యెత్తారు. "ఆవిణ్ణి అరవొద్దను. డ్యూటీలో ఉన్నవాడు బెదిరిపోతాడు." తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నారు. "ఇన్నేళ్లూ దీపం కిందే బతికానురా. దాని వెలుగంతా సముద్రం మీదికే పోయింది గానీ నా మొహాన ఎప్పుడూ పడలేదు. ఇవాళ పడుతోంది. మసగ్గా పడుతోంది. సరిగ్గా చూడకుండా పోతానా? చెప్పులియ్యి. ఆసుపత్రి ఎటు?"

ఆ సాయంత్రం ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి వచ్చాక భద్రం రజాయిలోంచి బయటపడి నిజం చెప్పాడు. దిష్టి పోతుందని నాణేన్ని నిమ్మకాయా మిరపకాయలతో కలిపి దారానికి కట్టి కిటికీకి వేలాడదీశాడట. హమ్మయ్య, అది గిర్రున తిరిగి మెరిసిందన్నమాట అనుకున్నాను. కానీ కిటికీ మూసే ఉంది. ఆ రోజు సూర్యుడే రాలేదు. విమానాలే ఎగరలేదు. సందులో ఏ స్కూటర్ దీపమో పడి ఉంటుందిలే అన్నాను. "మూడో అంతస్తుకు స్కూటర్ ఎట్లొస్తది భై?" అన్నాడు వాడు.

కట్టు విప్పిన రోజు పెదనాన్న మొదట అడిగింది ఆ నాణెమే. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, చూసి, చూసి, అంచు చుట్టూ ఉన్న చీమ తలకాయలంత అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివారు. ఆ అక్షరాలు ఆయనకు ఆనుతున్నాయని అర్థమై నేను బావురుమన్నాను. ఆయన మాత్రం ఏడవలేదు. నా వైపు ఉరిమి చూశారు.

"ఇది మన దీపం కాదు కదరా! ఎక్కడో పడమటి తీరంలోది! పేరు రాసే ఉంది కదరా, సన్నాసీ!"

లైట్‌హౌస్ అనగానే మనదే అనుకున్నాను గానీ, అంచు మీద ఏం రాసుందో నేనూ చూడలేదు, భద్రమూ చూడలేదు. "ఇంజినీర్లట! డాక్టరుగారూ, ఆ కత్తి లోపల పెట్టెయ్యకండి, వీడికి కావాలి" అన్నారు పెదనాన్న. వార్డంతా నవ్వింది.

ఇప్పుడు నాకూ పేపరు చేతికందినంత దూరాన పెట్టుకుంటే గానీ అక్షరాలు ఆనడం లేదు. ఆ పొగమంచు పొద్దున తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూపులేని పెదనాన్న మెడ తిప్పి వెతుకుతుంటే, లక్షణమైన రెండు కళ్లున్న నేను, అది మొహాన పడ్డ ప్రతిసారీ వాటిని గట్టిగా మూసుకున్నాను.