యోర్మా హుత్తునెన్ వేటగాడైన వైనం

యాభై రెండేళ్లు నిండాక యోర్మా హుత్తునెన్‌కు తను మగాడినన్న సంగతి గుర్తొచ్చింది. అంతవరకూ కయానీ పట్నంలో వంటింటి అల్మారాలు అమ్ముకుంటూ, శనివారం సావునా ఆవిరిగదిలో ఒళ్లు కాచుకుంటూ, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటూ ఏ లోటూ లేకుండానే బతికాడు. పెళ్లాం తార్యా పుట్టిల్లున్న మా పుర్నువారాకు కాపురం మార్చాకే ఈ పీకులాట మొదలైంది.

అక్టోబరు వస్తే మా ఊళ్లో మగవాళ్లు ఇంటిపట్టున ఉండరు. ఆడవాళ్లలోనూ కొందరు ఉండరు. నెత్తిన నారింజ రంగు టోపీ పెట్టుకుని హిర్వి వేటకు పోతారు. హిర్వి అంటే మామూలు దుప్పి కాదు. గుర్రాన్ని మించిన ఎత్తు, నాలుగు క్వింటాళ్ల బరువు. దాని మూతి చూస్తే నవ్వొస్తుంది గానీ ఎదురుపడితే రాదు. మరి ఊళ్లో మిగిలిపోయిన పట్నం అల్లుడు ఏం చేస్తాడు? వేటంతా ముగిశాక అడవి సొంతదార్లకు జట్టువాళ్లు పెద్ద విందు పెడతారు కదా, ఆ విందుకోసం ముసలమ్మల మధ్య కూచుని బంగాళదుంపల చెక్కు తీస్తాడు. యోర్మా ఆరేళ్లు తీశాడు.

"ఏమోయ్ అల్లుడూ, ఎన్ని దుంపల్ని కొట్టావు?" అని అడిగేవాడు మామగారు సూలో, విందు బల్ల దగ్గర అందరూ వినేలా. "దెబ్బతిని పారిపోయినవి ఏమైనా ఉంటే చెప్పు, కుక్కను పంపుదాం."

బల్లంతా గొల్లుమనేది. సూలోకి ఎనభై ఒకటి. నలభై ఏళ్లు వేటాడి, మోకాళ్లు పోయి, తుపాకీ మూలపెట్టాడు. నోటికి మాత్రం పదవీ విరమణ లేదు.

ఏడో ఏడు యోర్మా వేటగాళ్ల పరీక్ష పుస్తకం కొన్నాడు. కొన్నవాడు ఊరుకున్నాడా? సంస్థానం రాయించుకున్నవాడిలా చంకన పెట్టుకుని ఊరంతా తిరిగాడు. కాఫీ తాగే చోటల్లా బల్లమీద బోర్లించేవాడు, పేరు అందరికీ కనబడేలా. పరీక్షలో అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి. ఆ మాట ఊళ్లో ఒక్కొక్కరం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కాగితంమీద హిర్వికి ఎన్ని పళ్లుంటాయో రాయడానికి, అడవిలో దాన్ని కొట్టడానికి ఉన్న దూరం ఎంతో గురి పరీక్షలో తేలింది. డెబ్బై అయిదు మీటర్ల అవతల బల్లమీద గీసిన హిర్వి ఉంటుంది. గుండెచోట భోజనం పళ్లెమంత వలయంలో నాలుగు తూటాలు పడాలి. అది కదలదు, బెదరదు, పారిపోదు. అయిదుసార్లు వెళ్లాడు, అయిదుసార్లూ అది క్షేమంగా బయటపడింది.

"చెక్కమీదే ఇంత జాలి చూపేవాడు నెత్తురున్న జంతువునేం చేస్తాడే?" అని సూలో కూతుర్ని అడిగాడు.

"నాన్నా, ఊరుకో. ఆయన రాత్రిళ్లు నిద్రపోవట్లేదు," అంది తార్యా.

ఆరోసారి ఎలాగో గట్టెక్కి, ఊరికంతటికీ కేకు తెచ్చి పంచాడు. ఇక సోకులు మొదలయ్యాయి. ఆకులు ముద్రించిన చొక్కా, చప్పుడు కాని లాగు, ఎలుగుబంటిని చీల్చేంత కత్తి, అడవి పటం చూపించే యంత్రం, చీకట్లో కూడా చూపించే దుర్భిణీ. మా జట్టులో ముప్పై ఏళ్లు వేటాడినవాడి చొక్కా మోచేతుల దగ్గర చిరుగుంటుంది. ఇతని నెత్తిమీద ధర కాగితం తీయడం మరిచిన టోపీ ఉంది. ఆ కాగితం హిల్క తీసింది.

హిల్క మా జట్టు పెద్ద. అరవై మూడేళ్ల మనిషి. పాడి ఆవులు అమ్మేశాక బడిపిల్లల బస్సు నడిపింది. గొంతు పెంచడం ఎవరూ వినలేదు, ఆ అవసరమూ రాలేదు. ఎవరు ఏ మంచెమీద కూచోవాలో, ఎవరు అడవిలో నడుస్తూ జంతువుల్ని మంచెలవైపు తోలాలో, ఏ జంతువును కొట్టొచ్చో అన్నీ ఆవిడే చెబుతుంది.

"రెండేళ్లు తోలేవాళ్లతో నడువు," అంది యోర్మాతో. "మూడో ఏడు మంచె ఇస్తాం. నిన్ను చేర్చుకోవాలో వద్దో ఆ ఏడు విందు రోజున జట్టు తేలుస్తుంది. ఒక్కరు వద్దన్నా వద్దే."

అక్కణ్ణించి యోర్మా బతుకంతా ఆ ఒక్క రోజుకోసమే. జట్టులో తన పేరు ఉండాలి, మామగారు ఆ బల్ల దగ్గరే దుంపల మాట మింగాలి. ఇంతకుమించి అతనికి వేరే కోరిక లేదని తార్యాయే చెప్పింది మాకు.

ఆ రెండేళ్లూ మాకు పండగే. "హో... హో..." అని అరుస్తూ చిత్తడి నేలల్లో నడవాలి, అంతే పని. యోర్మా అరుపులకు హిర్వులు భయపడ్డాయో లేదోగానీ మా జట్టులోని ఎయినో తెచ్చే కుక్క మాత్రం రెండుసార్లు ఇంటికి పారిపోయింది. ఒకరోజు పటం యంత్రం చేతిలో పట్టుకుని మూడు గంటలు దారి తప్పి, చివరికి అడవిలోంచి బయటపడి చూస్తే తన పెరటి వెనకాలే తేలాడు. తార్యా బట్టలారేస్తోంది. "అడుగుల వెంటపడి వచ్చాను," అన్నాడట గంభీరంగా. ఎవరి అడుగులో ఆవిడ అడగలేదు. అడక్కపోవడం కాపురం చేసేవాళ్లకు అలవాటు.

మూడో అక్టోబరులో ఏడో మంచె ఇచ్చారు. చిత్తడినేల అంచున, నాలుగు దుంగలమీద పలకలు కొట్టిన మంచె అది. యోర్మా వెలుగు రాకముందే ఎక్కి కూచున్నాడు. ఫ్లాస్కులో కాఫీ, పొట్లంలో సాసేజి, మెడలో దుర్భిణీ, భుజాన వాకీటాకీ. మంచు పొడిగా రాలుతోంది. పదిన్నరకు హల్లా అనే ఎయినో కుక్క దూరంగా మొరగడం మొదలుపెట్టింది. ఆ మొరుగు దగ్గరైంది, మళ్లీ ఆగింది, మళ్లీ కదిలింది. యోర్మా కాఫీ మూత పెట్టడం కూడా మరిచి తుపాకీ అందుకున్నాడు. ఇది మాత్రం నవ్వే సంగతి కాదు, ఆ క్షణంలో అందరికీ అలాగే ఉంటుంది.

భూర్జ చెట్ల మధ్యనుంచి ఆడ హిర్వి బయటికొచ్చింది. నిలబడి చెవులు తిప్పింది. దాని వెనక, తొడను రాసుకుంటూ, ఈ వసంతంలో పుట్టిన దూడ.

మాలో కొత్తగా నడక నేర్చిన పిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. దూడ ఉన్న తల్లిని ముట్టుకోరు. కొట్టాలంటే ముందు దూడను కొట్టాలి, తర్వాతే తల్లి. తల్లి పోతే దూడ చలికాలం దాటదు. చట్టంలోనూ అదే ఉంది. యోర్మా చదివిన పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఉంది. ఆ ప్రశ్నకు అతను మార్కు కూడా తెచ్చుకున్నాడు.

"ఏడో మంచె, కనబడిందా?" హిల్క గొంతు వాకీటాకీలో.

"కనబడింది. ఆడది."

"వెనక దూడ ఉందా?"

దూడ తల్లి పొట్ట కిందనుంచి తల బయటపెట్టి చూస్తోంది. ఉందంటే ముందు దాన్నే కొట్టాలి, కొడితే తక్కెడలో అరవై, డెబ్బై కిలోలు. ఫొటో దిగితే వేటగాడే పెద్దగా కనబడతాడు. సూలో ఏమంటాడో అప్పుడే చెవిలో పడింది యోర్మాకు: మేకపిల్లను తెచ్చావా అల్లుడూ, దుంపల్లో కలిపి వండుదామా?

"లేదు," అన్నాడు. "ఒంటరిది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"అయితే కొట్టు."

అడవిలో అతని మొదటి తూటాయే సరిగ్గా పడింది. తల్లి పది అడుగులు వేసి మోకాళ్లమీద కూలింది. దూడ చెట్లలోకి ఉరికింది. యోర్మా మంచెమీదే లేచి నిలబడి పిడికిలి బిగించి ఊపాడు. ఇంత సిగ్గుమాలిన ముచ్చట చూడటానికి అక్కడ ఎవరూ లేకపోవడం అతని అదృష్టం.

గంటలో జట్టంతా చేరారు. భుజాలు తట్టారు. ఎయినో ఫొటో తీశాడు. యోర్మా తుపాకీ అడ్డంగా పట్టుకుని, ఒక బూటు పక్కనున్న దుంగమీద పెట్టి, అచ్చం అల్మారాల ప్రకటనలో మనిషిలా నిలబడ్డాడు. తర్వాత పొట్ట చీల్చడానికి దాన్ని వెల్లకిలా తిప్పారు. హిల్క చేతి తొడుగు తీసి, ఎప్పుడూ చేసే పనే, పొదుగు మీద చెయ్యి వేసి చన్ను పిండింది.

ఆవిడ బొటనవేలిమీద పాలు పడ్డాయి.

ఎయినో ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"చెట్ల వెనకెక్కడైనా ఉందేమో, నాకు కనబడలేదు..." యోర్మా నీళ్లు నమిలాడు.

హిల్క తల్లి హిర్వి నిలబడిన చోటికి నడిచింది. పలచటి మంచులో పెద్ద గిట్టల పక్కనే చిన్న గిట్టలు. ఏడో మంచె అక్కడికి అరవై అడుగులు కూడా లేదు. మధ్యలో పొద అయినా లేదు.

"గురి తప్పితే నేనేమీ అనేదాన్ని కాదు," అంది తిరిగొచ్చి. "నేను కూడా తప్పాను, సూలో తప్పాడు, అందరం తప్పాం. దూడను చూసి, చేతులు వణికి, తల్లిని కొట్టానని చెప్పినా పడేదాన్ని. నేను అడిగాను, నువ్వు లేదన్నావు. రేపు నీ మంచెకు ఎదురుగా మనిషున్నాడా అని అడుగుతాను. అప్పుడు ఏం చెబుతావు?"

"హిల్కా, ఒక్కసారి..."

"రేపటినుంచి ఇక్కడే కూచో. దూడ తల్లిని వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంది. వచ్చినప్పుడు కొట్టు. అది నువ్వు ఇవాళ చేసినదానికంటే కష్టం కాదులే."

ఆవిడే పోలీసులకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. వాళ్లు వచ్చి కాగితాలు రాసుకున్నారు. తర్వాత జరిమానా పడింది. మాంసం జట్టుకు దక్కలేదు. ఇవేవీ యోర్మాను అంత బాధపెట్టలేదు. ఆ సాయంత్రం భోజనం దగ్గర సూలో ఎదురుగా కూచున్నాడు. కబురు అతనికి అప్పటికే చేరింది. యోర్మా మెడ వంచి ఎదురుచూశాడు, ఈసారి ఏమంటాడోనని. ముసలాడు దుంపల గిన్నె అల్లుడి వైపు జరిపి, తన పళ్లెంలోకి చూసుకుంటూ తిని లేచిపోయాడు. నలభై ఏళ్లుగా మూతపడని నోరు ఆ రోజు మూతపడింది.

రెండు రోజులు దూడ రాలేదు. మూడోరోజు మధ్యాహ్నం వచ్చింది. తల్లి పడిన చోట మంచు వాసన చూసింది, అక్కడే చుట్టూ తిరిగింది, సన్నగా పిలిచింది. యోర్మా కొట్టాడు. తూటా చక్కగానే పడింది. కిందికి దిగి దాని పక్కన కూచుని ఏడ్చాడని ఎయినో చెప్పాడు. ఏడవనీ. ఏడుపు అంత సులువుగా వచ్చే మనిషికి మొన్న నిజం ఎందుకు రాలేదో ఎవరైనా అడిగితే బాగుండేది. మేమెవ్వరం అడగలేదు. మేం మాత్రం తక్కువవాళ్లమా? ఆరేళ్లు దుంపలంటూ వాణ్ణి వెక్కిరించి, అందరూ నవ్వితే మేమూ నవ్వి, తీరా ఆ నవ్వుకు భయపడి వాడు తల్లిని కూల్చాక ధర్మం తెలిసినవాళ్లలా చేతులు కట్టుకుని నిలబడ్డాం.

విందు రోజు వచ్చింది. అడవి సొంతదార్లు తిని, తాగి, వెళ్లిపోయారు. జట్టువాళ్లు మాత్రం మిగిలారు. యోర్మా గోడవారగా కుర్చీలో, కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తొడలమీద అరచేతులు పెట్టుకుని కూచున్నాడు.

"యోర్మా హుత్తునెన్ జట్టులో చేరతానంటున్నాడు. వద్దనేవాళ్లుంటే చెప్పండి," అంది హిల్క.

ఒక్కరూ నోరెత్తలేదు. జాలిపడ్డారని, మనసు కరిగిందని అనుకోకండి. మా జట్టులో సగటు వయసు అరవై నాలుగు. పదిమంది మోకాళ్లలో మూడింటికి ఆపరేషన్ అయింది. అడవి తోలడానికి కాళ్లు కావాలి, మాంసం మోయడానికి బండి కావాలి. యోర్మాకు రెండూ ఉన్నాయి. "అయితే సరే," అని హిల్క కాగితంమీద పేరు రాసింది. యోర్మా లేచి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు, కళ్లు తుడుచుకున్నాడు, ఇంటికెళ్లి తార్యాను ఎత్తుకుని తిప్పబోయి నడుం పట్టేయించుకున్నాడు. అందరూ క్షమించేశారని అతని నమ్మకం. ఏడాదంతా ఆ నమ్మకంమీదే తిరిగాడు.

మరుసటి అక్టోబరు. మొదటి రోజు. మళ్లీ ఏడో మంచే ఇచ్చారు, ఇప్పుడు సొంతంగా. తోలడం మొదలుకాకముందు హిల్క మంచెలన్నిటినీ వరసగా పిలుస్తుంది. ఎదురుగా మనిషి లేడని, జంతువు దాటలేదని ఒక్కో మంచె చెప్పాలి, ఆ మాట నమ్మే మిగతావాళ్లు తుపాకీలు ఎక్కుపెడతారు.

"అయిదో మంచె?"

"ఖాళీ. ఏదీ దాటలేదు."

"సరే. ఆరో మంచె?"

"ఖాళీయే హిల్కా."

"సరే. ఏడో మంచె?"

యోర్మా గొంతు సవరించుకున్నాడు. నాలుగువైపులా రెండుసార్లు చూశాడు. దుర్భిణీతో ఇంకోసారి చూశాడు. నిజంగానే ఏమీ లేదు.

"ఖాళీ. ఏదీ దాటలేదు," అన్నాడు స్పష్టంగా.

'సరే' కోసం వాకీటాకీని చెవికి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఎయినో," అంది హిల్క, "నువ్వు ఏడో మంచె పక్కనుంచే కదా పోతున్నావు. ఒకసారి చూసి చెప్పు."

పావుగంటకు ఎయినో కుక్కను పట్టుకుని వచ్చాడు. మంచె చుట్టూ నేల చూశాడు, చిత్తడి అంచుదాకా వెళ్లి చూశాడు, పైకి మాత్రం చూడలేదు. యోర్మా పైనుంచి అతని టోపీనే చూస్తూ కూచున్నాడు.

"ఖాళీయే," అన్నాడు ఎయినో వాకీటాకీలో.

"సరే," అంది హిల్క. "ఎనిమిదో మంచె?"