ఆరు గుట్టల్లో పెద్ద గుట్ట

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మొదటి దెబ్బ పడింది. దానికి నాలుగు నిమిషాల ముందు నేనొక అంకె చెప్పాను.

చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టి, ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో గణాంక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా చెల్లెలి కొడుకు పనిచేసే బోటు దగ్గర చేపలు కొనడానికి వారానికి రెండుసార్లు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లేదాన్ని.

ఆ బోటులో ఆరుగురు. అమ్మకానికి పోగా మిగిలిన కూర చేపల్ని ఆరు గుట్టలు పోస్తారు. ఎంత సమంగా పోసినా పెద్ద వంజరం చేప ఒక గుట్టలోనే పడుతుంది. అందుకని తలా ఒక గుర్తు ఇస్తారు: అగ్గిపుల్ల, గవ్వ, సీసా మూత, ఏదైనా. గుట్టలకు వీపు పెట్టి కూర్చున్న వల కుట్టే ముసలాయన వాటిని గుప్పిట్లో కలిపి ఒక్కొక్కటే తీసి ఇస్తాడు. వాటిని వరసగా గుట్టల మీద పెడతారు. ఎవరి గుర్తు పడిన గుట్ట వాళ్లది.

ఆవేళ వంజరం మీద మావాడి సీసా మూత పడింది.

“ఏటిరా, మళ్లీ నీకేనా? పన్నెండు పంపకాల్లో అయిదుసార్లు నీ సట్టిలోనే ఉడికింది” అన్నాడు బోటు డ్రైవరు.

“నా మూత సూసి వంజరమే ఈదుకుంటొచ్చినాదేమో బావా, నానేటి సేసేది?” అని మావాడు నవ్వాడు.

“రోజూ ముసలోడికి బీడీ ఇచ్చి, వంజరం గుట్ట వంతు రాగానే దగ్గుతావే, ఆ సైగ మాకు తెల్దనుకున్నావా?” అని డ్రైవరు నా వైపు తిరిగాడు. “పెద్దమ్మా, నువ్వు లెక్కల మేస్టరమ్మవి. మీవోడని సూడకుండా సెప్పు. ఇది అదురుష్టమా, దొంగతనమా?”

ఏ మోసమూ లేదని ముందు అనుకోవడం మా పద్ధతి. దాన్ని శూన్య పరికల్పన అంటాం. అది నిజమైతే కళ్ల ముందున్న సంగతి జరిగే అవకాశం ఎంతో చూస్తాం. నూటికి అయిదు కంటే తక్కువైతే ముందు అనుకున్నదాన్ని వదిలేస్తాం. ఫోన్లో లెక్క వేశాను.

“మోసం లేకపోతే, ఆరుగురిలో ఒకడికి పన్నెండింట్లో అయిదు గాని ఇంకా ఎక్కువ గాని పడటం నూటికి నాలుగైనా ఉండదు. ఇది అదృష్టం అనలేం.”

మావాడని గింజంతైనా మొగ్గలేదని గర్వపడ్డాను.

డ్రైవరు ఐసు పగలగొట్టే గునపం అందుకున్నాడు. మొదటి దెబ్బకు ముందు పళ్లు రాలాయి. కింద పడ్డవాడి కుడిచేతిని ఇద్దరు తొక్కిపట్టి గట్టు మీద పరిచారు. గునపం వేళ్ల మీద పడినప్పుడు వచ్చిన చప్పుడు ఐసు పగిలినట్టే ఉంది. బూటు కాలు కంట్లో దిగింది. “పెద్దమ్మా, నానేటీ సెయ్యనేదు, సెప్పే!” అని అరిచాడు. కొట్టకండి అన్నాను. నా అంకె విన్నవాళ్లు ఆ మాట వినలేదు. పదకొండు దెబ్బలు లెక్కపెట్టాను. ముసలాయన అడ్డం పడితే వలతో పాటు ఈడ్చిపారేశారు.

ఆసుపత్రిలో కేసు పెడదామన్నాను. మావాడు పగిలిన నోటితోనే అన్నాడు: “దొంగని కొట్టినారని రాసుకుంతారు. సాచ్చికం నువ్వే గదా.”

గురువారం మధ్యాహ్నం నా తప్పు నాకు దొరికింది. మావాడి పేరు ముందే అనుకుని, ఆ తర్వాత పన్నెండు పంపకాలు చూసి ఉంటే నా అంకె నిలిచేది. వాళ్లు అయిదుసార్లు ఎవడికి పడిందో చూశాకే వేలెత్తారు. అప్పుడు వేయాల్సిన ప్రశ్న ‘ఇతనికి’ పడే అవకాశమెంత అని కాదు, ‘ఆరుగురిలో ఎవడో ఒకడికి’ పడే అవకాశమెంత అని. అనుమానం పుట్టించిన లెక్కతోనే దాన్ని రుజువు చేయకూడదని ఏటేటా పిల్లలకు చెప్పినదాన్ని నేనే.

పాచిక తెచ్చి వరసకు పన్నెండుసార్లు చొప్పున నలభై వరసలు వేశాను. ఎనిమిది వరసల్లో ఏదో ఒక ముఖం అయిదుసార్లో ఇంకా ఎక్కువో పడింది. అంటే అయిదు బోట్లకు ఒక బోటులో, ఏ పాపమూ ఎరగని ఇలాంటివాడు ఒకడుంటాడు.

శనివారం కాగితం పట్టుకుని డ్రైవరు దగ్గరికి వెళ్లాను. నిలబడే విన్నాడు.

“నువ్వు అదురుష్టం కాదన్నావు, మేం కొట్టీసినాం. ఈ పాచికేదో ఆవేళ ఎయ్యాల్సింది. ఇప్పుడేస్తే సెయ్యి అతుక్కుంతదా పెద్దమ్మా?”

మోసం జరగలేదని నేను ఈనాటికీ రుజువు చేయలేను. జరిగిందనడానికి ఆధారం లేదని మాత్రమే చెప్పగలను. ఆ మాట చెప్పాల్సింది ఆరు గంటల పదహారు నిమిషాలకు.

పోయినవి: ముందు పళ్లు నాలుగు. కుడిచేతి వేళ్లు రెండు. మూడోది ఉంది, వంగదు. ఎడమ కంటి చూపు. బోటులో పద్నాలుగేళ్ల చోటు. గుర్తులు తీసే పని ముసలాయన మానేశాడు. నాకున్న ఒక్క చెల్లెలు, ఇక నా గడప తొక్కదు.