పోచం సారు తిన్న మామిడికాయ పప్పు

రెండువేల ఇరవై మూడు, ఏప్రిల్ నెల. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో గోండ్‌పిప్రి దాటాక, అడవి అంచున ఒక రేకుల షెడ్డులో నేను బ్రిడ్జి క్లాస్ నడుపుతున్నాను. బడి ముఖమే చూడని పిల్లలను వాళ్ల వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసే చోటును అలా అంటారు. నా పిల్లలంతా కోయవాళ్లు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తుపాకుల గొడవకు తాళలేక, మూటాముల్లె సర్దుకుని వచ్చేసిన కుటుంబాలవాళ్లు. వాళ్లకు మరాఠీ రాదు, తెలుగు కాస్త వచ్చు. ఇక్కడి బొగ్గు గనికి వలస వచ్చిన తెలుగు కార్మికుడి ఇంట పుట్టిన నాకు ఈ ఉద్యోగం దొరికింది ఆ కాస్త తెలుగు పుణ్యానే. చదువొక్కటే కాదు, పేలు తీయడం, గోళ్లు కత్తిరించడం, గజ్జికి మందు రాయడం కూడా నా పనే. ఇక డీవార్మింగ్, అంటే కడుపులో పురుగులకు మాత్ర మింగించడం, పెద్ద యుద్ధం. మింగినట్టే నటించి మాత్రను బుగ్గన దాచుకోవడంలో మావాళ్లు ఆరితేరిపోయారు.

ఆ రోజు తనిఖీకి విస్తార్ అధికారి, అంటే బడులు చూసే విద్యాశాఖ అధికారి, వస్తున్నారు. ఆయన సరేనంటే జూన్‌లో పిల్లలు పక్క ఊరి జిల్లా పరిషత్ బడిలో చేరతారు. కాదంటే షెడ్డుకు తాళం పడుతుంది, వాళ్లు మళ్లీ మిరప చేలకు కూలికి పోతారు. ఆయన పేరు పోచం, భద్రావతి గని క్వార్టర్లలో పెరిగిన తెలుగువారేనని విని నేనొక అతితెలివి చూపించాను. రోజూ పెట్టే ఖిచిడీ మానేసి, సంతలో పచ్చి మామిడికాయలు కొని పప్పు చేశాను. నా మామిడికాయ పప్పుకు మా ఆడబిడ్డలే వంక పెట్టలేరు, ఇక లోకమెంత!

సార్ రాగానే పిల్లలకు వడ్డించాను. ఒక్కరూ ముట్టలేదు. రోజూ గరిటె చేత పట్టకముందే పళ్లాలు మోగించే మంద, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు తలలు వంచుకుని కూర్చుంది.

"తినుండ్రి! మూతులు కుట్టిన్రా ఎవరన్న?" అని కసిరాను. తలలు ఇంకాస్త వంగాయి. సార్ ముందు పరువు పోతోందని నాకు ఒళ్లు మండిపోయింది.

పోచం సార్ పళ్లాలు చూశారు, పిల్లల సన్నటి చేతులు చూశారు. "ఏం మేడం, గిదేనా తిండి పెట్టే తీరు? పోరగాండ్లు చూసే భయపడ్తుండ్రు. గిట్లయితే నేనేం రాయాలె?"

"నన్నేమన్న అనుండ్రి గని, నా పప్పును అనకుండ్రి సార్. మీరే తిని చెప్పుండ్రి!"

ఆయన చాప మీద కూర్చుని ఒక ముద్ద తిన్నారు. కాసేపటికి ఇంకాస్త వేయమన్నారు. గిన్నె దగ్గరికి జరుపుకుని, "అచ్చం మా అమ్మ చేసినట్టే ఉన్నది మేడం" అంటుండగా, సోమిడి అనే చిన్న పిల్ల గొల్లుమంది.

"సార్‌ను పులి పడ్తది!"

ఇక తరగతంతా శోకాలు అందుకుంది. బతికున్న మనిషికి అంత ఏడుపు నేనెక్కడా చూడలేదు.

బుజ్జగించి అడిగితే బయటపడింది. కొత్త కాయను ముందు భూమి దేవరకు పెట్టి పండుగ చేయాలి. అది కాకముందే నోట పెట్టినవాణ్ణి పులి ఎత్తుకుపోతుంది. అది వాళ్ల కట్టుబాటు.

"ముందే చెప్పొద్దా పిల్లా?"

"నువ్వు తిడ్తనే ఉంటివి, ఎప్పుడు చెప్పాలె?" అంది సోమిడి, ముక్కు తుడుచుకుంటూ.

పోచం సార్ హాయిగా నవ్వారు. నవ్వుతూనే కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన తిరిగి వెళ్లాల్సింది మోటర్‌సైకిల్ మీద, అడవి దారిలో. ఆ దారిలోనే మొన్న పులి ఆవును కొట్టిందని ఆయనకూ తెలుసు. నవ్వు మెల్లగా ఆగింది.

"నాకు నమ్మకం లేదు గని మేడం, ఆ పండుగేందో ఇప్పుడే చేపిస్తే పాయె గదా?"

సోమిడి నాయనమ్మను పిలిపించాను. సంగతి విని, ముసలామె సార్‌ను ఎగాదిగా చూసి అయ్యో పాపమంది.

"ఈడ చెయ్యరాదు సారూ. మా దేవర మా ఊర్లనే ఉండిపాయె. వచ్చిన కాన్నుంచి మేం మామిడికాయ ముట్టలె. ఈ భూమికి మొక్కితే ఈడోళ్లమైతం. రేపు మీరే పొమ్మంటే? మొక్కిన భూమిని ఎట్ల ఇడిచి పోవాలె?"

చుట్టూ కాయలు రాలుతుంటే, ఇన్ని వేసవులు ఈ పిల్లలు చూస్తూ ఊరుకున్నారా? పక్కనే ఉండి నాకు తెలియనే లేదు.

సార్ తనిఖీ కాగితం తీసి, సరేనని రాసి సంతకం చేశారు. "ఎవరూ పొమ్మనరు. పిల్లలందరు పెద్ద బడికి పోతరు. ఇగ మొక్కు తల్లీ, పొద్దు వాలుతున్నది!"

"మాట తప్పితే?"

"పులి పట్టనీ!"

"ఎవలను?" ముసలామె వదల్లేదు.

"నన్నే, అవ్వా, నన్నే!"

అప్పుడామె లేచింది. షెడ్డు ముందు నేల అలికించి, కాయ కోసి, ఆకులో పెట్టి, నీళ్లు వదిలి చాలాసేపు ఏదో చెప్పుకుంది. మొదటి ముక్క భూమికి, రెండోది సార్‌కు. తర్వాత పిల్లలు పప్పు మీద పడ్డారు. నాకు గిన్నె కడిగే పని మాత్రం మిగిలింది.

అప్పటి నుంచి ఏ పిల్లైనా అన్నం ముట్టకపోతే, తిట్టేముందు అడుగుతున్నాను. కష్టమే, నోరు ఊరుకోదు.

జూన్‌లో బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టర్ సోమిడిని "మీ ఊరేది?" అని మరాఠీలో అడిగారు. ఆ పిల్ల తడుముకోకుండా, నేను నేర్పిన మరాఠీలోనే, మా షెడ్డున్న ఊరి పేరు చెప్పింది. "ఎప్పటి నుంచి?" అన్నారాయన.

"మామిడికాయ తిన్నప్పటి నుంచి" అంది.