పొందూరు దాటని వియ్యంకుడు

ఆ రోజుల్లో నాకు అరవై మూడేళ్లు. చదువులో మాత్రం ఏడాది పిల్లాణ్ణి. గరివిడిలో ఫ్యాక్టరీ రాయి మోసినన్నాళ్లూ వేలిముద్రతోనే బతికాను. పని మానేశాక, ఊరికే కూర్చుంటే మా ముసల్దాని తిట్లు వినాలి కదా అని అక్షరాలు దిద్దాను. కొత్తగా చదువొచ్చినవాడికీ కొత్తగా కొమ్ములొచ్చిన దూడకీ పెద్ద తేడా లేదు. సబ్బు కాగితం, బస్సు బోర్డు, మందుసీసా, కనబడిందల్లా గట్టిగా చదివేవాణ్ణి. (సీసా చదవడం పూర్తయ్యేసరికి మందు వేళ దాటిపోయేది.) రాసి ఉన్నదే నిజం, తక్కినదంతా గాలికబురని నా సిద్ధాంతం.

సరిగ్గా అప్పుడే పలాస నుంచి మా వియ్యంకుడు వస్తానన్నాడు. మా కోడలి తండ్రి. మనవరాలు పుట్టినప్పుడు చూడ్డానికొస్తే, స్టేషన్‌కి మేమెవరమూ ఎదురెళ్లలేదని ప్లాట్‌ఫారం మీది నుంచే తర్వాతి రైలెక్కి వెనక్కి పోయిన ఘనుడు. పందొమ్మిదేళ్లు మా గడప తొక్కలేదు. "మావయ్యా, ఈసారీ ఎవులూ ఎదురెల్లకపోతే మా నాన్న ఇంక జన్మలో రాడు" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనే వెళతానని ఒట్టు వేశాను.

మా మనవరాలు ఎచ్చెర్లలో కంప్యూటర్లు చదువుతోంది. ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన కోడ్ మూటను లైబ్రరీ అంటారట. దాన్ని తన ప్రోగ్రాంలో పెట్టుకుంది. మీట నొక్కితే, రైళ్ల వివరాలు అందరికీ ఇచ్చే కంప్యూటర్ని అది అడిగి, ఏ రైలు ఎక్కడుందో చెబుతుంది. నాకోసం తెలుగులో వచ్చేలా చేసింది. "పది నిమిషాలకోపాలి నొక్కు తాతా" అని లాప్‌టాప్ నా ముందు పెట్టి స్నానానికి పోయింది.

నొక్కాను. 'రైలు పొందూరులో ఉంది' అని వచ్చింది. నేను చదవగలిగాను! ఆ సంబరంలో మళ్లీ నొక్కాను. మళ్లీ మళ్లీ నొక్కాను. ప్రతిసారీ పొందూరే. పొందూరు నుంచి మా గరివిడికి ఇంకా చాలా టైముందని కాలుమీద కాలేసుకుని టీ అడిగాను.

ముసల్ది వంటగదిలోంచి అరిచింది. "ఇనబడ్లేదేటి? రైలు కూసింది. ఎల్లు!"

"ఒసే, నీకు అచ్చరం ముక్క రాదు. పొందూరని ఇక్కడ రాసుంది. నీ సెవి గొప్పదా, రాత గొప్పదా?"

"రాత సంగతి నాకు తెల్దు గానీ, బండి మన గేటు దాటి ఆగింది కూడాను."

తల తుడుచుకుంటూ వచ్చిన మనవరాలు స్క్రీన్ చూసి గతుక్కుమంది. "ఎన్నిసార్లు నొక్కావు?"

"ఎంత, నిమిషానికి ఓ ఇరవై."

"ఓలమ్మా! అన్నిసార్లడిగితే ఆ రైళ్ల కంప్యూటరు జవాబివ్వడం మానేస్తాది తాతా. జవాబు రాకపోతే పాత జవాబే సూపించమని నేనే రాశాను!"

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. స్టేషన్‌లో వియ్యంకుడు పనసకాయ పక్కన పెట్టుకుని, పలాస వైపు బండి కోసం చూస్తూ కూర్చున్నాడు. మొహం మాడిన అట్టులా ఉంది. నాకు ఇంకేమీ తోచక స్క్రీన్ ఆయన ముందు పెట్టాను. "సూడు బావా, నువ్వింకా పొందూరులోనే ఉన్నావు."

"మరి ఈ బల్లమీద కూకున్నోడు నీ బాబేటి?"

"అదంతా నాకు తెల్దు. రాసుంది కదా. ఇంకా రానోడివి తిరిగెల్లిపోతానంటావేటి? ముందు ఇంటికి రా, కోపం తరవాత పడుదువు."

కాసేపు నా మొహం, స్క్రీన్ మొహం మార్చి మార్చి చూశాడు. తర్వాత పనసకాయ ఎత్తి నా నెత్తిన పెట్టాడు. "సదువు నిన్ను బాగా సెడగొట్టింది బావా" అంటూ ఆటోలో ముందుగా ఎక్కి కూర్చున్నాడు. ఆ పూట మా కోడలు ఆయనకి వడ్డిస్తూ ఎంత నవ్విందో, కళ్లు ఎన్నిసార్లు తుడుచుకుందో!

మనవరాలు తర్వాత ప్రోగ్రాం సరిచేసింది. కొత్త జవాబు రాకపోతే కింద ఎర్రగా 'ఇది పాత మాట' అని పడుతుంది. ఇప్పుడు నేను ఏ సంగతి ఎత్తినా ఇంట్లో అందరూ ఆ ముక్కే అంటున్నారు. ఏం చేస్తాను, నిజమే. అప్పుడెప్పుడో వచ్చిన జవాబునే పట్టుకుని మళ్లీ మళ్లీ చెబుతున్నాను. ఆ ఎర్ర ముక్కనైనా ఇప్పుడు కూడబలుక్కోకుండా చదవగలుగుతున్నాను.