ఐదో తరగతి ప్రమాణాల్లో మా తాతగారు

ఆ రోజుల్లో నాకు లోకాన్ని బాగుచేసెయ్యాలన్న దురద విపరీతంగా ఉండేది. మా దీవి ఒడ్డున చేపలవాళ్ళ పేట జంగ్లీఘాట్‌లో ఒక సర్కారు బడిలో సోషల్ టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. చీర కుచ్చిళ్ళు సాయంత్రం దాకా నిలిచేవి కావు, నేను క్లాసులోకి వస్తే లేచి నిలబడాలా వద్దా అని పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు. అలాంటి నన్ను తీసుకెళ్ళి, దీవుల్లో బడులకు సోషల్ పాఠ్యప్రమాణాలు సవరించే కమిటీలో వేశారంటే నాకిప్పటికీ నమ్మకం కుదరదు. (అసలు సంగతేమిటంటే, తెలుగు టీచర్ల తరఫున ఒకరిని పంపమని కబురొచ్చిన రోజున మా సీనియర్లందరికీ ఒకేసారి నడుం నొప్పి వచ్చింది.) పాఠ్యప్రమాణాలంటే బ్రహ్మవిద్యేమీ కాదు, ఏ తరగతి పిల్లలకు ఏమేం వచ్చితీరాలో ఒక్కో వాక్యంగా రాసిపెట్టడం. పాతవన్నీ మెయిన్‌లాండ్ నుంచి యథాతథంగా దించుకున్నవి. 'మూడో తరగతి పిల్లలు దగ్గరలోని రైల్వే స్టేషన్ చూసి వచ్చి, అక్కడి విశేషాలు చెప్పగలగాలి' అని ఉందొకచోట. రైలు పట్టా ముక్క కూడా లేని దీవిలో మా పిల్లలు ఏళ్ళ తరబడి దానికి జవాబు చెబుతూనే ఉన్నారు, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడి కేకతో సహా! అది చూసి నేను బిత్తరపోతే, పక్కనున్న పెద్ద మాస్టారు ఒకాయన, "మార్కులు బాగానే వస్తున్నాయి కదమ్మా, నీకేం ఇబ్బంది?" అన్నారు.

కమిటీకి పెద్ద ఒక హిందీ మేడమ్. తెలుగు ముక్క రాదు, కళ్ళజోడు మీదుగా చూశారంటే ఎంతటివాడైనా తన పేరు తనే మర్చిపోవలసిందే. నేను రాత్రంతా కూర్చుని రాసుకున్న ఒకే ఒక్క వాక్యాన్ని ఆవిడ ముందు చదివాను. 'ఐదో తరగతి పిల్లలు తమ కుటుంబం ఈ దీవికి ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దల్ని అడిగి తెలుసుకుని తరగతిలో చెప్పగలగాలి.' ఎక్కడెక్కడి రాజుల యుద్ధాలో అప్పజెప్పే పిల్లలకు సొంత తాత ఏ ఓడ దిగాడో తెలియదంటే నాకు నిజంగా కడుపు మండేది. అన్ని పేజీల్లోనూ మా గురించి ఆ ఒక్క వాక్యం ఉంటే చాలనిపించేది. మేడమ్ తల పంకించి, "ప్రమాణమంటే కొలవడానికి వీలుండాలి. పిల్లలు చెప్పింది నిజమో కాదో ఎలా కొలుస్తావు బేటీ?" అని హిందీలో అడిగారు. నేను ఛాతీ విరుచుకుని, "ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకు అబద్ధం ఎందుకు చెబుతారు మేడమ్?" అన్నాను. ఆవిడ "సరే, నీ క్లాసులోనే చేసి చూడు. సోమవారం నేనే వస్తాను. కుదిరితే ఉంచుదాం, లేకపోతే కొట్టేస్తాను" అన్నారు. నేను గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాను.

మర్నాడే పిల్లలకు చెప్పేశాను, ఆ మర్నాడు చెప్పించాను. మొదట ఒక చిన్నది లేచి, "మా ముత్తాత అందరికన్నా ముందు వచ్చాడు టీచర్. సబ్‌సే పహలే!" అంది. వెనక బెంచీలోంచి ఇంకొకతె, "ఝూట్! మా ముత్తాతే ముందు!" అని లేచింది. నేను చాక్‌పీసు కింద పెట్టేలోగా ఒకతె జడ రెండోదాని చేతిలో ఉంది. పిల్లల గొడవే కదా అని సర్దిచెప్పి పంపేశాను. బడి వదిలే వేళకు గేటు దగ్గర సగం జంగ్లీఘాట్ నిలబడి ఉంది!

ఊళ్ళో ఇంకో పక్క షాదీపూర్‌లో ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలియని సంగతి ఒకటుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వేట కోసం వచ్చి స్థిరపడిన ఆ వీధుల్లో, ఏటా అమ్మోరి పండక్కి తొలి ఘటం ఎత్తే గౌరవం దీవికి మొదట వచ్చిన ఇంటిది. ఆ మొదటి ఇల్లు మాదంటే మాదని రెండిళ్ళవాళ్ళు తరాల కిందటే తలలు పగలగొట్టుకున్నంత పని చేశారట. చివరికి కులపెద్దలు కూర్చోబెట్టి, ఒక ఏడు వాళ్ళు, ఒక ఏడు వీళ్ళు ఎత్తండి, ఎవరు ముందొచ్చారన్న మాట మాత్రం ఇకమీదట ఎవరూ ఎత్తకండి అని ఒట్టు వేయించారు. అప్పట్నుంచీ అందరూ చల్లగా ఉన్నారు. నేను వెళ్ళి సరిగ్గా ఆ మాటనే ఐదో తరగతికి హోంవర్కు ఇచ్చాను.

గేటు దగ్గర ఒక పక్క మొదట లేచిన చిన్నదాని తాత, సొర తాత. (వయసులో ఉండగా పడవంత సొరచేపను పట్టాడని ఆ పేరు, చెప్పిన ప్రతిసారీ ఆ సొర కాస్త పెరిగేది.) ఇంకో పక్క రెండోదాని నాయనమ్మ హార్బర్ అప్ప, చేపల బుట్ట నడుముకు ఆనించుకుని. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే ఫీనిక్స్ బేలో పడవ ఎక్కేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. "ఏటి టీచరమ్మా, మా గుంటని కూకోబెట్టి, ఆల్ల గుంటచేత ఏటి సెప్పించినావు?" అని ఆవిడ మొదలెట్టింది. "మా మాంగారు ఈ ఒడ్డున వల ఆరేసినప్పుడు, ఈడి అయ్య ఇంకా ఊర్లోన ముక్కు సీదుకుంతన్నాడు!" సొర తాత కర్ర నేలకేసి కొట్టాడు. "ఒలే, నోరు మూసుకో! సర్కారీ బడిలోన ఒక్కపాలి సెప్పీసినారంటే అది సర్కారు మాటైపోద్ది. రేపు ఘటం ఆల్లదే అంటారు. నానొప్పను, బిల్కుల్ ఒప్పను!" మా హెడ్మాస్టారు గది కిటికీలోంచి తల బయటపెట్టి, పరిస్థితి చూసి, మళ్ళీ లోపల పెట్టేసుకున్నారు. సోమవారం మేడమ్ వస్తారని పిల్లల ద్వారా తెలిసి, ఆ ఇద్దరూ తామూ వచ్చి క్లాసులో కాపలా కూర్చుంటామని, పిల్లల్లో ఎవరైనా 'ముందు' అన్న మాట అంటే అక్కడే తేల్చుకుంటామని చెప్పి కదిలారు.

ఆదివారమంతా ఆ సోమవారం గురించే ఆలోచించాను. మేడమ్ ఎదుట కర్రలు లేస్తే ఇంకేముంది, నా వాక్యం గోవిందా! అప్పుడు తట్టింది ఒక బ్రహ్మాండమైన ఉపాయం. పిల్లలచేత కాకుండా, ఘటంతో సంబంధం లేని పెద్దమనిషి ఒకరిచేత ముందుగా చెప్పిస్తే? మా నాయనమ్మే ఉందిగా! మా తాతగారికి సర్కారు నుంచి ఉత్తర్వు వచ్చింది, ఆయన పెట్టె సర్దుకుని విశాఖపట్నంలో ఓడెక్కారు, ఇక్కడ మెరైన్ ఆఫీసులో చేరారు. మా ఇంట్లో అందరం చిన్నప్పట్నుంచీ విన్న కథ. నాన్నగారైతే 'ఉత్తర్వు' అన్న మాట దగ్గర కొంచెం గొంతు కూడా సవరించుకునేవారు. నాయనమ్మను కూర్చోబెట్టి ఆ నాలుగు ముక్కలూ పదిసార్లు చెప్పించాను. ఆవిడ తమలపాకు నములుతూ, "అంతే కదే? సెప్పీసి ఒచ్చీడమే కదా?" అంది.

సోమవారం మేడమ్ వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. గోడ పక్కన కుర్చీల్లో సొర తాత, హార్బర్ అప్ప ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. నాయనమ్మ కుర్చీలో సర్దుకుని, పిల్లల్నీ ఆ ఇద్దర్నీ ఒకసారి కలయజూసింది. ఆవిడ చెప్పేది మేడమ్‌కు హిందీలో చెప్పవలసిన బాధ్యత నాది. "మా ఆయనకి సర్కారు ఉత్తర్వు ఒచ్చింది..." అని మొదలుపెట్టి ఠక్కున ఆగిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "ఎందుకొచ్చిన సోద్యం గానీ, ఉత్తర్వూ లేదు ఏటీ లేదు. మా అన్నకి ఇక్కడ గుమస్తా పనొచ్చింది. ఆడి ట్రంకుపెట్టి మొయ్యడానికి మా ఆయన ఓడెక్కినాడు. పెట్టి దించీసి, గాలి తగులతందని అక్కడే ఒక వార తొంగున్నాడు. లెగిసి సూసీసరికి ఓడ నడిసముద్రంలో ఉంది!"

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇన్నేళ్ళ ఉత్తర్వు! నాన్నగారి గొంతు సవరింపు! మేడమ్ నావైపు చూస్తున్నారు. 'దాదాజీకి సర్కారు ఆర్డర్ వచ్చింది, అందుకని ఓడెక్కారు' అని హిందీలో చక్కగా చెప్పేశాను. మా ఐదో తరగతికి తెలుగు చదవడం అంతంత మాత్రమే గానీ, రెండు భాషలూ ఇంట్లో కలిపి మాట్లాడే పిల్లలు వాళ్ళు. క్లాసు క్లాసంతా లేచి, "గలత్, టీచర్! మేడమ్, దాదాజీ సో గయే థే! నిద్రపోయారు! జహాజ్ వెళ్ళిపోయింది!" అని అరిచింది. మేడమ్ కళ్ళజోడు తీసేశారు. భూమి చీలితే బాగుండునని చూశాను గానీ, ఆ బడిలో కొత్తగా వేసిన సిమెంటు నేల.

అంతలో గోడ పక్క నుంచి ఒక విచిత్రమైన చప్పుడు. సొర తాత నవ్వుతున్నాడు. "నిద్దరపోయి ఒచ్చినాడా! ఓలమ్మో! మా అయ్య నయం. తెడ్డుతోటి మేనమామ బుర్ర బద్దలుకొట్టి, ఆడు లెగిసేలోగా పారిపోయొచ్చినాడు." అన్నాక తను ఏమన్నాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు. హార్బర్ అప్ప ఊరుకుంటుందా? "అదేటి గొప్ప! మా మాంగారికి పెళ్ళి ముహూర్తం పెట్టీసి పందిరేసినారు. పిల్లని సూసి రాత్రికి రాత్రి ఓడెక్కీసినాడు." క్లాసు గొల్లుమంది. ఇక చూడాలి నా అవస్థ! "అయితే అందరికన్నా ముందు పారొచ్చినోడు మీ మాంగారేలే" అని సొర తాత పెద్దమనసుతో ఒప్పేసుకున్నాడు. "అబ్బే, మీ అయ్యే ముందు, నాను ఒప్పీసుకుంతన్నాను" అంది అప్ప. తరాల నాటి తగవు నా కళ్ళముందే తిరగబడి, నువ్వు ముందంటే నువ్వు ముందని ఒకరినొకరు బతిమాలుకుంటుంటే, నేను నోరెళ్ళబెట్టి అనువాదం మర్చిపోయాను. పిల్లలే పోటీలు పడి మేడమ్‌కు చెప్పారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లేచి, నా భుజం తట్టి, "రహనే దో, బేటీ" అని, ఉండనిమ్మన్నారు. నా వాక్యం ఉండిపోయింది.

సాయంత్రం నాయనమ్మను ఆటోలో ఇంటికి తీసుకెళుతున్నాను. గెలిచిన సంతోషం ఒక పక్క, తల తిరుగుడు ఒక పక్క. "నాయనమ్మా, ఇంత సంగతి ఇన్నాళ్ళూ ఎలా దాచావే? నిద్రపోయి దీవికొచ్చెయ్యడమేమిటి!" అన్నాను. ఆవిడ కిళ్ళీ దవడ మార్చుకుని, బయటికి చూస్తూ, "నిద్దరా గిద్దరా ఏటీ లేదే. సుబ్బరంగా మెలకువగానే ఉన్నాడు" అంది.

"మరి?"

"నన్నూ, సంకలో మీ పెద్దత్తనీ వగ్గీసి పోదావనుకున్నాడు. నానూరుకుంతానా? గాజులమ్ముకుని తరవాతి ఓడకి ఎనకాలే ఒచ్చీసినాను. ఫీనిక్స్ బేలోన మూటలు దించుతా నన్ను సూసినాడు. మొగం తెల్లగా పాలిపోయింది. 'నిద్దరట్టీసిందే' అన్నాడు. 'పోన్లే, లెగిసినావు కదా, పద ఇంటికెల్దాం' అన్నాను. మరింక ఇద్దరం ఆ ఊసెత్తలేదు."

"నువ్వు... నమ్మావా?" అని అడిగాను. నాయనమ్మ నావైపు తిరిగి, జాలిగా, పాఠం రాని పిల్లను చూసినట్టు చూసింది. "నమ్మబట్టే కదే మీ నాన్న పుట్టినాడు."

ఇప్పటికీ ఏటా ఐదో తరగతి పిల్లలు లేచి ఆ కథలు చెబుతారు. తాతను సర్కారు పిలిచిందని ఒకడు, సముద్రమే పిలిచిందని ఒకతె. మేడమ్ అడిగిన కొలత సంగతి నాకింకా తేలలేదు. అందర్నీ "చాలా బాగా చెప్పావు, కూర్చో" అంటాను. ఆ కుచ్చిళ్ళు నిలవని టీచరమ్మే అయితే తప్పకుండా ఇంకో ప్రశ్న వేసేది. తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం, దానికి ఎంత తొందరో!