‘ఎనిమిదో మంచం’లో అచ్చుతప్పు

మా మధిరలో లేడీస్ టైలర్ మున్వర్ భాయ్ సినిమాకు వెళ్ళేది చూడటానికి కాదు, దిద్దటానికి. అన్ని సినిమాలనూ దిద్దడు. కాలకంఠం నవలల మీద తీసినవాటినే దిద్దుతాడు.

కాలకంఠం అంటే దయ్యాల నవలలు రాసే పెద్దాయన. ముప్పయ్యేళ్ళ కిందట వారపత్రికల్లో ఆయన సీరియల్ నడుస్తుంటే జనం పత్రిక చదివి, దాన్ని బోర్లా తిప్పి మంచం కింద పెట్టి పడుకునేవారు. ఆయన నవలలు నాలుగు సినిమాలయ్యాయి. ఒకటి ఈమధ్యే వెబ్ సిరీస్ అయింది. ఆ అయిదింటిలోనూ మున్వర్ భాయ్ ఒప్పుకున్నది తెర మీద పడిన రచయిత పేరొక్కటే. అందులోనూ ఒకచోట సున్నా సరిగా లేదన్నాడు.

‘తడి గజ్జెలు’ సినిమా మ్యాట్నీకి నన్నూ తీసుకెళ్ళాడు. కథానాయిక పాతబంగళాలో నేలమాళిగ మెట్లు దిగుతోంది. సంగీతం ఆగిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా పక్క సీటు కిర్రుమంది. మున్వర్ భాయ్ లేచి నిలబడి, బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

“పుస్తకంలో అట్ల లేదు! ఆమె చేతిల ఉన్నది కందిలి. టార్చిలైటు గాదు!”

హాలు గొల్లుమంది. వెనకనుంచెవరో “టైలర్ సాబ్, దయ్యం కొలతలు గూడ చెప్పు” అని అరిచారు. ఆ నవ్వుల్లోనే దయ్యం వచ్చింది, పళ్ళు చూపించింది, వెళ్ళిపోయింది. ఒక్కరూ భయపడలేదు. మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు.

“భాయ్, ఇంకోసారి లేస్తే బయటికి పంపిస్త.”

“పంపుండ్రి. బయట నిలబడి చెప్తా.”

అన్నంత పనీ చేశాడు. ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళనొక్కొక్కరినీ ఆపి, “అమ్మా, అది కందిలి. మనసుల పెట్టుకోండ్రి” అని చెప్పి మరీ పంపించాడు.

ఈ సంగతి ఆయన భార్య తాహెరాతో చెబితే ఆమె బియ్యం ఏరుతూ నిట్టూర్చింది. “మా నిఖాల ఖాజీ సాబ్ నా పేరు తప్పు చదివిండు సార్. అప్పుడు గిట్ల లేచి ఒక్క మాట అనలే.”

కాలకంఠం అభిమాన సంఘం ప్రతి ఆదివారం మధ్యాహ్నం మున్వర్ భాయ్ దుకాణంలో కూర్చునేది. దానికి ఆయనే అధ్యక్షుడు. ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను కాబట్టి నేను కార్యదర్శిని. డిగ్రీ చదివే ఫరహా మా యువజన విభాగం. చర్ల దగ్గర ఒక ఊళ్ళో ఏఎన్ఎంగా పనిచేసే జెస్సికా ఫోన్లో హాజరయ్యేది. ఆ ఊళ్ళో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మెట్ల మీద తప్ప అందదు. అందుకని మాకు ఫోన్లో సగం జెస్సికా, సగం ట్యాంకు కనిపించేవి.

‘ఎనిమిదో మంచం’ వెబ్ సిరీస్ వచ్చిన వారం సంఘంలో యుద్ధమే జరిగింది. అడవిలో పాడుబడ్డ దవాఖానా, అందులో ఏడు మంచాలు, లెక్కపెట్టిన ప్రతిసారీ ఎనిమిది కావడం, ఎనిమిదో మంచం పక్కన చేతబడి చేసే ఒక ముసలి మంత్రసాని. అదీ కథ. మున్వర్ భాయ్ జాకెట్ల కొలతల పుస్తకంలో నలభై ఒక్క తప్పులు రాసుకొచ్చాడు.

“ఒకటి. దుప్పటి ఎర్రగ లేదు. రెండు. వాచ్‌మెన్‌కి మీసం లేదు...”

“భాయ్, పుస్తకం వేరే, సిరీస్ వేరే,” అంది ఫరహా. “వాళ్ళు తీసింది అడాప్టేషన్. మార్చుకునే హక్కు ఉంటది.”

“నువ్వు జాకెట్ కుట్టమని బట్ట ఇచ్చినవనుకో. నేను సంచి కుట్టి ‘ఇది నా అడాప్టేషన్’ అంటే ఊకుంటవా?”

“సంచి మంచిగుంటే ఊకుంట.”

“అయితే పెండ్లికి సంచి తొడుక్కొనిపో!”

ఫోన్లో జెస్సికా నవ్వు వినిపించింది. ట్యాంకు మాత్రమే కనిపించింది.

ఇంత వాదన జరిగినా, ఆయన తప్ప ఆ నవల మాలో ఎవ్వరం చదవలేదు. అది పుస్తకంగా వచ్చి, అచ్చు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మున్వర్ భాయ్ పని నేర్చుకునే రోజుల్లో వారం వారం పత్రికలో పేజీలు చించి, ప్రకటనలతో సహా కుట్టి, జాకెట్ లైనింగ్ గుడ్డతో అట్ట వేసుకున్న ప్రతి ఒక్కటే మాకు దిక్కు. దాన్నాయన ఎవరి చేతికీ ఇవ్వడు. కథ తనే చెబుతాడు. ముగింపు అడిగితే “చెప్తే మజా పోతది” అంటాడు.

ఒక బుధవారం జెస్సికా ఫోన్ చేసింది. నేను ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి దుకాణంలోనే ఉన్నాను. ఈసారి ఆమె నవ్వలేదు.

“భాయ్, మా ఊర్ల కన్నమ్మవ్వ అని ఉన్నది. పురుళ్ళు పోసేది. ఆ సిరీస్ల ముసలామె లెక్కనే ఉన్నదని రమణ అనేటోడు ఆమె వీడియో తీసి, ‘ఎనిమిదో మంచం మంత్రగత్తె మా ఊర్లనే ఉన్నది’ అని పెట్టిండు. నవ్వులాటకే పెట్టిండు. మొన్న ఇద్దరు పిల్లలకు జరం వచ్చింది. ఇగ అవ్వను బోరింగ్ కాడికి రానిస్తలేరు. ఊరు ఇడిచి పొమ్మంటున్నరు.”

“జరం ఎందుకొచ్చిందో నువ్వు చెప్పలేదా బిడ్డా?”

“రక్తం చూసి మలేరియా అని చెప్పిన. గోళీలిచ్చిన. నా మాట ఇంటలేరు భాయ్. వీడియో మాట ఇంటున్నరు.”

మున్వర్ భాయ్ మెడలోని టేపు తీసి మిషన్ మీద పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“పుస్తకంలో అట్ల లేదు బిడ్డా. అస్సలు లేదు. ఆదివారం అందర్ని ఒక్కకాడ కూసోబెట్టు. పుస్తకం పట్టుకొని నేనే వస్తున్న.”

పెళ్ళిళ్ళ కాలం. దుకాణంలో అరవై జాకెట్లు పేరుకుపోయి ఉన్నాయి. ఒక పెళ్ళికూతురి తల్లి గుమ్మంలోనే నిలబడి తగువేసుకుంది. “సోమవారం రా అమ్మా” అని ఆయన షట్టర్ దించేశాడు. ఆదివారం పొద్దున్నే ఆయనా నేనూ రైల్లో ఖమ్మం, అక్కడినుంచి బస్సులో భద్రాచలం, మరో బస్సులో చర్ల, ఆపైన గుంతల్లో ఎగిరెగిరి పడే ఆటో. దారి పొడవునా ఆ పుస్తకాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆరోగ్య ఉపకేంద్రం వరండాలో, ముందున్న జాగాలో యాభై అరవై మంది పోగయ్యారు. దూరంగా దడి పక్కన ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. దగ్గరికి రమ్మని జెస్సికా పిలిచినా రాలేదు.

పోతయ్య అనే పెద్దమనిషి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. “ఏడ మధిర, ఏడ మా ఊరు? మా సంగతి నీకెందుకయ్యా?”

“మీ సంగతి కోసం రాలే పెద్దాయనా. పుస్తకం సంగతి కోసం వచ్చిన,” అన్నాడు మున్వర్ భాయ్. “మీరు ఫోన్ల చూసింది తప్పు కుట్టు. అసలు కథ నా చేతుల ఉన్నది. ఇని, ఆ తర్వాత నన్ను గూడ ఎల్లగొట్టుండ్రి. కథ అయిందాక మాత్రం నేను కదల.”

పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

“‘ఎనిమిదో మంచం పక్కన కూర్చున్నది మంత్రగత్తె కాదు. ఆమె పేరు మల్లక్క. ఆ ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. ఊరు ఆమెను అనుమానించింది, తరిమింది. ఆమె పొలిమేర దాటిన రోజే ఊళ్ళో కుక్కలు మొరగడం మానేశాయి. ఎందుకంటే అన్నేళ్ళూ ఆ దయ్యాన్ని గడప దగ్గర ఆపింది ఆమే...’”

చదవడమంటే చదవడమా! కుక్కలు మానేసిన చోట తనూ మానేశాడు. ఆ నిశ్శబ్దానికి ముందు వరుసలో ఒకాయన కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. తెలుగు సరిగా రాని పెద్దవాళ్ళకి ఒకావిడ కోయ భాషలో చెబుతుంటే, అసలుకన్నా అదే ఎక్కువసేపు పట్టింది. కథ చివరికి ఆ ఊరంతా అడవి వెంట వెతుక్కుంటూ వెళ్ళి, మల్లక్క కాళ్ళు పట్టుకుని వెనక్కి తెచ్చుకుంది.

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. తెలుగు మాస్టర్ని కదా, వాక్యం బాగుందే అని వంగి పేజీలోకి చూశాను.

అది తలనూనె ప్రకటన. పేజీ నిండా ఒకావిడ, మోకాళ్ళ దాకా జడ. మున్వర్ భాయ్ వేలు ఆ జడ మీదుగా నిదానంగా దిగుతోంది.

“టైలర్ సాబ్, జర ఆ పుస్తకం ఇటియ్యి,” అంటూ గుంపులోంచి ఒక యువకుడు లేచాడు. వీడియో తీసిన రమణ అతనే. “నేను ఇంటర్ దాక చదివిన. నేను చూసి చెప్త.”

“ఆయన పుస్తకం ఎవరికీ ఇవ్వడు,” అన్నాను కంగారుగా.

మున్వర్ భాయ్ నన్ను పక్కకు జరిపి పుస్తకం చాచాడు. వేలు తీయకుండా, తెరిచిన పేజీ తెరిచినట్టే ఇచ్చాడు. “చూడు బిడ్డా. చదువుకున్నోనివి. ఏం రాసి ఉన్నదో నువ్వే చెప్పు.”

రమణ చూశాడు. జడ చూశాడు. పేజీ తిప్పి చూశాడు. అక్కడ సబ్బు ప్రకటన ఉన్నట్టుంది. తలెత్తి మున్వర్ భాయ్ కళ్ళలోకి చూశాడు. ఆయన రెప్ప వేయలేదు. దడి దగ్గర కన్నమ్మ ఖాళీ బిందెను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

“ఏమున్నదిరా?” అని అడిగాడు పోతయ్య.

రమణ మళ్ళీ జడ పేజీకి తిప్పాడు. “అవ్. గిట్లనే ఉన్నది.” దడి వైపు చూసి మళ్ళీ అన్నాడు. “ఈయన తొందర్ల రెండు ముక్కలు ఇడిచిపెట్టిండు. ముసలామె మీద అబద్ధం పుట్టించినోడే, ఆమెకు రోజూ నీళ్ళు మోసిండని గూడ ఉన్నది.”

మున్వర్ భాయ్ నోరు తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ అలవాటు నాలుక చివరిదాకా రావడం నాకు స్పష్టంగా కనిపించింది. పళ్ళు బిగించి, దాన్ని మింగేశాడు.

రమణ దడి దగ్గరికి వెళ్ళి బిందె అందుకున్నాడు. కన్నమ్మ వెంటనే వదల్లేదు. అతని మొహంలోకి కాసేపు చూసి వదిలింది. తర్వాత మెల్లగా నడిచొచ్చి మున్వర్ భాయ్ ఎదుట నిలబడింది.

“అయ్యా, ఆ మల్లక్కకు నా లెక్క మోకాళ్ళ నొప్పులు ఉన్నయా?”

“ఉన్నయి అవ్వా.”

“తగ్గినయా?”

“ఆఖరి పేజీల తగ్గినయి.”

“మంచి పుస్తకం,” అంది కన్నమ్మ.

తిరుగు బస్సులో భద్రాచలం వచ్చేదాకా ఆగాను. తర్వాత ఉండబట్టలేకపోయాను.

“భాయ్, ఆ పేజీలో తలనూనె ఉంది.”

“చూసినవా సార్?”

“నలభై ఒక్క తప్పులు రాశావు. అందులో ముసలమ్మ ఊసే లేదు. అంటే సిరీస్‌లో ఆమెను సరిగ్గానే తీశారు. సిరీస్ ఇంకా ఆఖరుకు రాలేదు కదా, అసలు పుస్తకంలో చివరికి ఏమవుతుంది?”

“చెట్టుకు కట్టేసి కాలవెడ్తరు. ఊరంతా చప్పట్లు గొడ్తది.” లైనింగ్ గుడ్డ అట్టను అరచేత్తో సాపు చేశాడు. “పందొమ్మిదేండ్లప్పుడు చదివిన సార్. ఆ రోజు అన్నం తినలే. అప్పటిసంది ఎవ్వరికి ముగింపు చెప్పలే. పుస్తకం ఎవ్వరి చేతికి ఇయ్యలే.”

పేజీలు చిరిగిపోతాయని దాచుకున్నాడనుకున్నాం మేం. ఇన్నేళ్ళూ ఆ మంట ఇంకొకరికి అంటకుండా దాచిపెట్టాడన్నమాట.

కన్నమ్మ బోరింగ్ దగ్గరికి మామూలుగా వెళుతోందని, పిల్లలకు జ్వరం తగ్గిందని, రమణ వీడియో తీసేశాడని ఆ వారంలోనే జెస్సికా ఫోన్ చేసింది. మున్వర్ భాయ్ అల్లా దయ అన్నాడు. వెంటనే నా చేతికి కాగితం ఇచ్చి, కాలకంఠం గారికి ఉత్తరం రాయమన్నాడు.

“రాయుండ్రి సార్. ఆర్యా, మీ ‘ఎనిమిదో మంచం’ నవలలో ఆఖరిదైన ముప్పయ్యొకటో వారం మొత్తం అచ్చుతప్పు పడ్డది. సరైన ముగింపు దీనితో పంపుతున్నాను. వచ్చే ముద్రణలో సరిచేయగలరు.”

నేను కలం ఆపాను. “వారం మొత్తం అచ్చుతప్పు ఎట్లా అవుతుంది భాయ్? రాసింది ఆయనే కదా. ఒప్పుకోకపోతే?”

మున్వర్ భాయ్ పళ్ళతో దారం పుటుక్కున కొరికాడు.

“ఒప్పుకోకుంటే ముప్పయ్యో వారం గూడ తప్పే అని రాద్దాం.”