రెండోసారి పలికిన పేరు

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. రంగూన్‌లో, పజుండౌంగ్ వాగు పక్కన మా కాపురం. మా ఆయన రేవులో కూలీ. ఓడకెక్కిస్తున్న బియ్యం బస్తా జారి తలమీద పడింది. బతికాడు గానీ, ఎన్నడూ గొంతెత్తని మనిషికి ఆ తర్వాత ప్రతిదానికీ కోపమే. చివరికి ఓరోజు మేస్త్రీని కొట్టి, అతని చెయ్యి విరగ్గొట్టాడు.

కోర్టులో డాక్టరు, ఇదంతా తలకు తగిలిన దెబ్బ వల్లేనన్నాడు. మునుపు ఎలాంటివాడో చెప్పడానికి నన్ను పిలిచి, ముందు భర్త పేరు చెప్పమన్నారు. పెళ్లినాడు గుమ్మం దాటేముందు ఆడపడుచులు బలవంతాన చెప్పించారు. మళ్లీ ఆ పేరు పలికి ఎరగను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నువ్వు సెప్పకపోతే మీ ఆయన్ని జైలుకి అంపేస్తారమ్మా," అన్నాడు తెలుగు దుబాసీ.

కళ్లు మూసుకుని "అప్పన్న" అన్నాను. తెరిచేసరికి బోనులో ఆయన తల వంచుకుని, ఆనాడు గుమ్మంలో నవ్వినట్టే సిగ్గుగా నవ్వుతున్నాడు.

మిగతాదంతా ఏడుస్తూనే చెప్పాను. తప్పు మనిషిది కాదు, దెబ్బది అని జడ్జీ దొర వదిలేశాడు.

ఆ నవ్వు కోసం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏళ్ల తరబడి పేరు పెట్టి పిలిచాను. "ఏటి?" అని కసిరేవాడు. నేను పిలిచిన మనిషి మాత్రం మళ్లీ పలకలేదు.